పిల్లల శస్త్రచికిత్సలో రోబో: పెద్దల కోసం తయారైన యంత్రం పసివాళ్ల దాకా వచ్చిన చరిత్ర



జీఎస్-3 సిలబస్‌లో 'రోబోటిక్స్' అనే మాట కనబడగానే మనలో చాలామంది నాలుగు ఉపయోగాలు, నాలుగు పరిమితులు నోట్స్‌లో రాసుకుని పేజీ తిప్పేస్తాం. పరీక్షలో ప్రశ్న నేరుగా వస్తే ఆ ఎనిమిది పాయింట్లు సరిపోతాయి. కానీ ఈ మధ్య ప్రశ్నలు అలా రావడం లేదు. "సాంకేతికత పెరిగింది కదా, అది అందరికీ సమానంగా అందిందా?" అన్నట్టుగా ఉంటున్నాయి. అలాంటి ప్రశ్నకు జవాబు రాయాలంటే కనీసం ఒక్క ఉదాహరణైనా లోతుగా తెలిసి ఉండాలి. ఈ వ్యాసంలో నేను ఎంచుకున్న ఉదాహరణ పిల్లలకు రోబో సాయంతో చేసే శస్త్రచికిత్స. దీన్ని సైన్స్ పాఠంలా కాకుండా చరిత్రలా చదువుదాం.

నేను ఉండేది జంషెడ్‌పూర్‌లోని అగ్రికోలో. పార, గునపం, సుత్తి వంటి చేతి పనిముట్లు తయారుచేసే టాటా అగ్రికో పేరే ఈ కాలనీ పేరు. పనిముట్ల గురించి ఇక్కడి పాతవాళ్లకు తెలిసిన సంగతి ఒకటుంది. పనిముట్టు పట్టుకునేవాడి చేతికి అమరితే చాలదు, పని జరిగే చోటికి కూడా అమరాలి. రోడ్డు పనికి పనికొచ్చే పార పూలకుండీలో పనికిరాదు. పిల్లల శస్త్రచికిత్సలో రోబో చరిత్ర అంతా ఈ సమస్య చుట్టూనే తిరుగుతుంది. యంత్రం సర్జన్ చేతికి బాగా అమరింది. పసిపిల్ల పొట్టకు అమరడానికి మాత్రం ఇంకా తంటాలు పడుతూనే ఉంది.

1. ముందు ఒక స్పష్టత: ఇక్కడ 'రోబో' అంటే ఏమిటి?

'రోబో' అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం నుంచి వచ్చింది. వెట్టి చాకిరీ అని దాని మూలార్థం. సినిమాల వల్ల మనకు రోబో అంటే తనంతట తాను పనిచేసే యంత్రం గుర్తొస్తుంది. ఆపరేషన్ థియేటర్‌లో ఉండేది అది కాదు. సర్జన్ రోగికి కొద్ది అడుగుల దూరంలో ఒక కన్సోల్ ముందు కూర్చుంటాడు. రోగి శరీరంలో చిన్న రంధ్రాల ద్వారా కెమెరా, సన్నని పరికరాలు పంపుతారు. వాటిని యంత్రం చేతులు పట్టుకుంటాయి. సర్జన్ వేళ్లు ఎలా కదిలితే లోపల పరికరం కొన అలా కదులుతుంది. సొంతంగా అది ఒక్క కుట్టు కూడా వేయదు. అందుకే వైద్య గ్రంథాల్లో 'రోబో శస్త్రచికిత్స' అనే మాటకు బదులు 'రోబో సాయంతో శస్త్రచికిత్స' అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది. జవాబులో మీరూ ఈ మాటే వాడండి.

మామూలు ల్యాపరోస్కోపీతో, అంటే కీహోల్ ఆపరేషన్‌తో పోలిస్తే దీనివల్ల వచ్చే లాభాలు మూడు. కెమెరా లోతు తెలిసేలా త్రీడీలో చూపిస్తుంది. పరికరం కొన మణికట్టులా అన్ని వైపులా తిరుగుతుంది. సర్జన్ చేతి వణుకును యంత్రం వడకడుతుంది. పెద్ద లోటు స్పర్శ. చాలా ఏళ్లపాటు సర్జన్‌కు లోపలి కణజాలం మెత్తగా ఉందో గట్టిగా ఉందో చేతికి తెలిసేది కాదు, కంటితో అంచనా వేసుకోవాల్సిందే. బలం ఎంత పడుతోందో తెలియజేసే సదుపాయంతో వచ్చిన 'డావిన్సీ 5' నమూనాకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 2024 మార్చిలో వచ్చింది.

2. యుద్ధభూమి ఆలోచన, ఆసుపత్రి యంత్రం (1985–2000)

1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మెదడు నుంచి కణజాల నమూనా తీసేటప్పుడు సూదిని సరైన కోణంలో నిలపడానికి 'ప్యూమా 560' అనే పారిశ్రామిక రోబో చేతిని వాడారు. ఫ్యాక్టరీల కోసం తయారైన యంత్రాన్ని మనిషి మీద వాడిన తొలి సందర్భాల్లో అది ఒకటి. 1992లో తుంటి మార్పిడి కోసం 'రోబోడాక్' వచ్చింది. 1994లో కెమెరాను పట్టుకునే 'ఈసాప్' చేతికి ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. తర్వాతి నమూనాల్లో సర్జన్ నోటిమాటతోనే కెమెరాను కదిలించే వీలు కలిగింది.

ఇంతకంటే పెద్ద మలుపు మరోచోట జరిగింది. గాయపడిన సైనికుడి దగ్గరకు సర్జన్‌ను పంపకుండా, దూరంగా సురక్షితమైన చోట కూర్చోబెట్టి ఆపరేషన్ చేయించగలమా అని అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఆలోచించింది. ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్‌లో ఫిలిప్ గ్రీన్ బృందం ఆ దిశలో యంత్రాన్ని రూపొందించింది. ఆ పరిజ్ఞానాన్ని ఆధారం చేసుకుని 1995లో ఇంట్యూటివ్ సర్జికల్ కంపెనీ ఏర్పడింది. దాని 'డావిన్సీ' వ్యవస్థకు 2000 జులైలో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. పోటీగా కంప్యూటర్ మోషన్ కంపెనీ 'జ్యూస్' వ్యవస్థను తెచ్చింది. 2001 సెప్టెంబర్ 7న జాక్ మారెస్కో బృందం న్యూయార్క్‌లో కూర్చుని ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఉన్న రోగికి పిత్తాశయం తొలగించింది 'జ్యూస్'తోనే. అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన విమాన చోదకుడి పేరు మీద దాన్ని 'లిండ్‌బర్గ్ ఆపరేషన్' అన్నారు. 2003లో ఈ రెండు కంపెనీలూ ఒకటయ్యాయి. ఆ తర్వాత చాలా ఏళ్లు మార్కెట్‌లో దాదాపు ఏకఛత్రాధిపత్యమే నడిచింది.

ఈ కథలో ఎక్కడా పిల్లలు లేరని గమనించండి. డిజైన్‌లో సైనికుడు ఉన్నాడు, మార్కెట్‌లో గుండె రోగి, ప్రోస్టేట్ రోగి ఉన్నారు. పరికరాల వ్యాసం, చేతుల మధ్య దూరం, బల్ల ఎత్తు అన్నీ పెద్దవాళ్ల శరీరం కొలతలతోనే తయారయ్యాయి.

3. పిల్లల శస్త్రచికిత్స అనే శాఖ ఎలా పుట్టింది?

"పిల్లలంటే చిన్న సైజు పెద్దవాళ్లు కారు" అనేది ఈ శాఖకు మూలసూత్రం. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రి 1852లోనే మొదలైనా, పిల్లల శస్త్రచికిత్స ప్రత్యేక విద్యగా నిలబడింది 20వ శతాబ్దంలో. బోస్టన్‌లో విలియం లాడ్ దీనికి పునాది వేశాడు. ఆయన శిష్యుడు రాబర్ట్ గ్రాస్ 1938లో ఏడేళ్ల పాపకు గుండె దగ్గర మూసుకుపోని రక్తనాళాన్ని కట్టి, పుట్టుకతో వచ్చే గుండె లోపాల చికిత్సకు దారి తెరిచాడు. మన దేశంలో భారతీయ పిల్లల సర్జన్ల సంఘం 1965లో ఏర్పడింది.

పసిపిల్లల ఆపరేషన్‌లో సర్జన్ నైపుణ్యం ఒక పాలు అయితే మత్తు ఇచ్చే వైద్యుడి నైపుణ్యం మరో పాలు. పిల్లల ఒంట్లో రక్తం తక్కువ, వేడి త్వరగా పోతుంది, ఊపిరి ఆగితే కోలుకునే వ్యవధి చాలా కొద్ది. నవజాత శిశువుల ఐసీయూ, చిన్న సైజు గొట్టాలు, శిక్షణ పొందిన నర్సులు లేకపోతే ఎంత గొప్ప సర్జన్ ఉన్నా ఫలితం దక్కదు. ఈ మాట గుర్తుంచుకోండి, వ్యాసం చివర మళ్లీ అవసరమవుతుంది.

4. తొలి అడుగు: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి షికాగో దాకా

పిల్లల్లో రోబో వాడకం గురించి వెలువడిన తొలి నివేదికల్లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ బృందం 2001లో ప్రచురించినది ఒకటి. పదేళ్ల పాపకు కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నకుండా చేసే 'నిస్సెన్ ఫండోప్లికేషన్' ఆపరేషన్‌ను వారు పూర్తిగా రోబో సాయంతో చేశారు. డావిన్సీకి అమెరికాలో అనుమతి వచ్చిన ఏడాదిలోపే ఆ యంత్రం పిల్లల దాకా చేరిందన్నమాట.

కానీ పిల్లల్లో రోబో స్థిరపడింది మరో ఆపరేషన్ వల్ల. దాని పేరు పైలోప్లాస్టీ. ఇది అర్థమైతే మొత్తం అంశం అర్థమైనట్టే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

కిడ్నీలో తయారైన మూత్రం ఒక గరాటులాంటి సంచిలో చేరి, అక్కడి నుంచి సన్నని మూత్రనాళంలోకి దిగుతుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఈ గరాటు, నాళం కలిసే చోట ఇరుకుగా ఉంటుంది. మూత్రం కిందికి దిగక కిడ్నీ ఉబ్బుతుంది. సుమారు వెయ్యి నుంచి పదిహేను వందల జననాల్లో ఒకరికి ఈ సమస్య కనిపిస్తుంది. గర్భంలో ఉండగానే స్కానింగ్‌లో బయటపడుతుంది. చాలామందిలో వయసుతోపాటు తగ్గిపోతుంది కాబట్టి అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. తగ్గకుండా కిడ్నీ పనితనం పడిపోతుంటే మాత్రం ఇరుకు భాగాన్ని కత్తిరించి, నాళాన్ని మళ్లీ గరాటుకు కుట్టాలి. ఈ పద్ధతిని అండర్సన్, హైన్స్ అనే ఇద్దరు బ్రిటిష్ సర్జన్లు 1949లో వివరించారు. ఇప్పటికీ ప్రామాణికం అదే.

ఇందులో కష్టమంతా కుట్టులో ఉంది. కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున్న నాళానికి వెంట్రుకలాంటి దారంతో, నీరు కారకుండా, మళ్లీ ఇరుకు రాకుండా చుట్టూ కుట్లు వేయాలి. పక్కన కోత పెట్టి తెరిచి చేసే పద్ధతిలో ఇది సులువు. 1995లో బోస్టన్‌లో క్రెగ్ పీటర్స్ బృందం ఒక పిల్లవాడికి దీన్ని ల్యాపరోస్కోపీతో చేసి చూపించింది. సాధ్యమే అని తేలింది కానీ, పొడవాటి తిన్నని కర్రల్లాంటి పరికరాలతో లోపల కుట్లు వేయడం అందరు సర్జన్లకూ చేతకాలేదు. ఆ పద్ధతి కొద్ది కేంద్రాలకే పరిమితమైంది. మణికట్టులా తిరిగే రోబో పరికరం వచ్చాక ఈ అడ్డంకి తొలగింది. డెన్మార్క్‌కు చెందిన ఓల్సెన్, జార్గెన్సెన్‌ల నివేదిక 2004లో వచ్చింది. ఆ తర్వాత అమెరికా పిల్లల ఆసుపత్రుల్లో ఇది వేగంగా పెరిగింది.

2006లో అమెరికాలోని ఒక బృందం పిల్లల్లో పిత్తనాళపు తిత్తిని రోబోతో తొలగించిన కేసును ప్రచురించింది. ఈ జబ్బు ఆసియా పిల్లల్లో ఎక్కువ కాబట్టి మనకు ముఖ్యం. 2008లో షికాగో విశ్వవిద్యాలయంలో భారతీయ మూలాలున్న సర్జన్ మోహన్ గుండేటి ఇంకా కష్టమైన పని చేశారు. మూత్రాశయం చాలా చిన్నగా, బిగుసుకుపోయి ఉన్న పదేళ్ల పాపకు పేగు ముక్కతో దాన్ని పెద్దది చేసి, అపెండిక్స్‌తో మూత్రం బయటకు వచ్చే దారి ఏర్పరిచారు. ఇదంతా రోబో సాయంతో లోపలే జరిగింది. పెద్ద కోత పెట్టి, రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంచి చేసే ఆపరేషన్ అది.

5. పదేళ్ల లెక్క ఏం చెప్పింది?

2013లో కండీ, అతని సహచరులు తొలి పదేళ్ల అనుభవాన్ని లెక్కగట్టారు. 137 వ్యాసాల్లో 1,840 మంది పిల్లలకు జరిగిన 2,393 ఆపరేషన్లు వాళ్ల లెక్కలోకి వచ్చాయి. జీర్ణకోశంలో ఫండోప్లికేషన్, మూత్ర వ్యవస్థలో పైలోప్లాస్టీ, ఛాతీలో ఊపిరితిత్తి భాగం తొలగింపు ఎక్కువగా జరిగాయి. రోబోతో మొదలుపెట్టి మధ్యలో వేరే పద్ధతికి మారాల్సి వచ్చిన కేసులు మొత్తం మీద 2.5 శాతం. మూత్ర వ్యవస్థ ఆపరేషన్లలో అది అతి తక్కువ, ఛాతీ ఆపరేషన్లలో చాలా ఎక్కువ.

ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఇవి పత్రికలకు పంపిన కేసులు. సాధారణంగా బాగా జరిగినవే ప్రచురణకు వెళ్తాయి. అదీగాక ప్రపంచవ్యాప్తంగా పదేళ్లలో రెండు వేల చిల్లర ఆపరేషన్లు అంటే పెద్దల్లో రోబో వాడకంతో పోలిస్తే చాలా కొద్ది. పైలోప్లాస్టీ విషయానికే వస్తే తెరిచి చేసినా, ల్యాపరోస్కోపీతో చేసినా, రోబోతో చేసినా విజయం 90 శాతానికి పైనే. తేడా కనిపించేది నొప్పి మందులు, ఆసుపత్రిలో ఉండే రోజులు, మచ్చ సైజు దగ్గర. అదీ ఎక్కువగా పెద్ద పిల్లల్లో, టీనేజ్ వాళ్లలో. ఏడాది లోపు పాపకు తెరిచి చేసినా కోత రెండు మూడు సెంటీమీటర్లకు మించదు. అక్కడ రోబో లాభం బాగా తగ్గిపోతుంది.

6. కొలతల సమస్య

ఇక అగ్రికో పార సంగతికి వద్దాం. డావిన్సీ పరికరాల వ్యాసం 8 మిల్లీమీటర్లు. పిల్లల ల్యాపరోస్కోపీలో 3, 5 మిల్లీమీటర్ల పరికరాలు మామూలే. అంటే 'చిన్న రంధ్రం' అని పేరు తెచ్చుకున్న యంత్రం పసిపిల్లకు మామూలు పద్ధతికంటే పెద్ద రంధ్రం చేస్తుంది. 5 మిల్లీమీటర్ల రోబో పరికరాలు పాత నమూనాలకు వచ్చాయి. కానీ వాటి కొన మణికట్టులా ఒక్కచోట వంగకుండా పాములా మెలికలు తిరుగుతూ వంగేది, దానికి లోపల ఇంకా ఎక్కువ జాగా కావాలి. జాగా లేకనే కదా చిన్న పరికరం అడిగింది! తర్వాతి నమూనాలో ఆ పరికరాలే లేకుండా పోయాయి.

రెండో చిక్కు రంధ్రాల మధ్య దూరం. యంత్రం చేతులు బయట ఒకదానికొకటి తగలకుండా ఉండాలంటే రంధ్రాలు కొన్ని సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. పసిపాప పొట్ట ఎంత ఉంటుంది? 2015లో వచ్చిన ఒక అధ్యయనం ఏడాది లోపు పిల్లలకు ఒక కొలబద్ద సూచించింది. రెండు తుంటి ఎముకల కొనల మధ్య 13 సెంటీమీటర్లు, రొమ్ము ఎముక కింది కొన నుంచి జఘనాస్థి వరకు 15 సెంటీమీటర్లు దాటితే యంత్రం చేతులు గుద్దుకోవడం తక్కువ. వయసు, బరువు చూసి తీర్మానించే బదులు టేపు పెట్టి కొలవమని దాని సారాంశం.

మూడోది మత్తు వైద్యుడి ఇబ్బంది. భారీ యంత్రం పాప మీద వంగి ఉంటే ఊపిరి గొట్టం సరిచేయడానికి చేయి పెట్టే సందు తగ్గుతుంది. పొట్టలో గ్యాస్ నింపే ఒత్తిడి కూడా పెద్దల కంటే తక్కువ ఉంచాలి, లేకపోతే ఊపిరి, రక్తప్రసరణ మీద భారం పడుతుంది.

పరిష్కారాలు నెమ్మదిగా వస్తున్నాయి. 3 మిల్లీమీటర్ల పరికరాలున్న 'సెన్‌హాన్స్' వ్యవస్థకు పిల్లల్లో వాడటానికి ఎఫ్‌డీఏ అనుమతి 2023లో వచ్చింది. బ్రిటన్‌లో తయారైన 'వర్సియస్' పరికరాలు 5 మిల్లీమీటర్లవి. తేదీలు పోల్చి చూడండి. పెద్దలకు యంత్రం 2000లో, పిల్లల కొలతకు దగ్గరగా వచ్చిన యంత్రం 2023లో. మధ్యలో 23 ఏళ్లు. కారణం మార్కెట్. పిల్లల ఆపరేషన్లు తక్కువ, జబ్బులు రకరకాలు, సైజులు రకరకాలు. కంపెనీకి లాభం కనిపించదు. ఈ లోటును గుర్తించే అమెరికా 2007లో పిల్లల వైద్య పరికరాల కోసం ప్రత్యేక చట్టం చేసింది. మన దేశంలో 2017 వైద్య పరికరాల నియమాలు, 2023 జాతీయ వైద్య పరికరాల విధానం ఉన్నాయి. ఆ విధానం అమలులో పిల్లల పరికరాలకు విడిగా ప్రోత్సాహం ఇవ్వాలని మీ జవాబులో సూచనగా రాయవచ్చు.

7. మన దేశం, మన రాష్ట్రాలు

భారత్‌లో రోబో మొదట గుండె ఆపరేషన్ల కోసం 2002లో ఢిల్లీ ఎస్కార్ట్స్‌కు వచ్చింది. ప్రభుత్వ రంగంలో ఢిల్లీ ఎయిమ్స్ 2006లో మూత్ర వ్యవస్థ ఆపరేషన్లతో మొదలుపెట్టింది. ఆ తర్వాత పిల్లల పైలోప్లాస్టీ పెద్ద నగరాల్లోని కొన్ని ప్రభుత్వ, ప్రైవేటు కేంద్రాలకు విస్తరించింది. హైదరాబాద్ నిమ్స్‌లో తెలంగాణ ప్రభుత్వం ముప్పై కోట్ల పైచిలుకు ఖర్చుతో రోబో వ్యవస్థను 2023లో ప్రారంభించింది. అప్పటివరకు తెలుగు రాష్ట్రాల్లో ఇది కార్పొరేట్ ఆసుపత్రుల వ్యవహారంగానే ఉండేది. గురుగ్రామ్‌లో డాక్టర్ సుధీర్ శ్రీవాస్తవ స్థాపించిన సంస్థ తయారుచేసే 'ఎస్‌ఎస్‌ఐ మంత్ర' దేశీయ రోబోగా పేరు తెచ్చుకుంది. ధర తగ్గడానికి ఇది ఒక దారి.

ఖర్చు యంత్రంతో ఆగదని గుర్తుంచుకోండి. ఏటా నిర్వహణ రుసుము ఉంటుంది. పరికరాల్లో చాలావాటిని ఇన్నిసార్లే వాడాలని పరిమితి ఉంటుంది. చాలా ఏళ్లపాటు ఆ సంఖ్య పది ప్రాంతంలో ఉండేది. ఏడాదికి వందల కేసులు చేసే పెద్దల విభాగాల మీద ఈ భారం పరుచుకుంటుంది. నెలకు రెండు మూడు కేసులు వచ్చే పిల్లల విభాగం సొంతంగా దీన్ని మోయలేదు. అందుకే చాలాచోట్ల పిల్లల సర్జన్లు పెద్దల యంత్రాన్నే వారంలో ఒక రోజు పంచుకుంటారు. బీమా వైపు చూస్తే, ఐఆర్‌డీఏఐ 2019 మార్గదర్శకాలు రోబో శస్త్రచికిత్సను బీమా కంపెనీలు మినహాయించకూడని ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చాయి. అయితే కంపెనీలు ఉపపరిమితి పెట్టుకోవచ్చు.

8. అగ్రికో నుంచి చూస్తే

జంషెడ్‌పూర్ వైద్య చరిత్రలో పరీక్షకు పనికొచ్చే సంగతి ఒకటుంది. టాటా స్టీల్ 1912లో ఎనిమిది గంటల పనిదినం, 1915లో ఉచిత వైద్యం అమలు చేసింది. దేశంలో కార్మిక బీమా చట్టం వచ్చింది 1948లో. అంటే చట్టానికి మూడు దశాబ్దాల ముందే ఒక కంపెనీ ఊరు ఈ పని చేసింది. ఇక్కడ టాటా మెయిన్ హాస్పిటల్, ఎంజీఎం వైద్య కళాశాల ఉన్నాయి. జార్ఖండ్‌లో చాలా జిల్లాలతో పోలిస్తే ఇది అదృష్టవంతుల ఊరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ అదృష్టంలో వాటా ఉంది.

అయినా పిల్లవాడికి అరుదైన ఆపరేషన్ కావాలంటే చాలా కుటుంబాలు చూసేది రైలు టైమ్ టేబుల్‌నే. రాంచీ, కోల్‌కతా దగ్గర. అక్కడ కుదరకపోతే టాటానగర్ నుంచి విశాఖ మీదుగా కాట్పాడి దిగి వెల్లూరు సీఎంసీ, లేకపోతే హైదరాబాద్. తెలుగువాళ్లకు దారిలో చుట్టాలుంటారు కాబట్టి కొంత నయం. తండ్రి సెలవు, లాడ్జి అద్దె, ఇంకో పిల్లను చూసుకునే మనిషి, ఆరు వారాల తర్వాత స్టెంట్ తీయించడానికి మళ్లీ ప్రయాణం. రోబో వల్ల ఆసుపత్రిలో ఒక రోజు తగ్గిందనుకుందాం. రానూపోనూ రైల్లోనే మూడు రోజులు పోతే ఆ కుటుంబానికి మిగిలింది ఏమిటి?

2015లో వెలువడిన లాన్సెట్ కమిషన్ నివేదిక ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగే శస్త్రచికిత్స అందడం లేదని చెప్పింది. సిజేరియన్, పొట్ట తెరిచి చేసే అత్యవసర ఆపరేషన్, ఎముక బయటకు వచ్చిన విరుగుడుకు చికిత్స, ఈ మూడూ రెండు గంటల ప్రయాణ దూరంలో దొరకాలని కొలమానం పెట్టింది. రోబో ఆ కొలమానంలో లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

మన ప్రభుత్వ పథకాల గొలుసును ఇక్కడ పెట్టి చూడండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్లో పుట్టుక లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదల జాప్యాలను గుర్తిస్తుంది. 2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద ఆపరేషన్లను పేదలకు ఉచితం చేసింది. 2018 సెప్టెంబర్ 23న ఆయుష్మాన్ భారత్ పీఎం-జేఏవై మన రాంచీ నుంచే ప్రారంభమైంది. కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల రక్షణ, వేరే రాష్ట్రంలోనూ వాడుకునే వీలు దీని ప్రత్యేకత. గుర్తించడానికి ఒక పథకం, డబ్బు కట్టడానికి మరొక పథకం ఉన్నాయి. మధ్యలో ఉండాల్సిన లంకె పిల్లల సర్జన్, పిల్లలకు మత్తు ఇవ్వగలిగిన వైద్యుడు, ఐసీయూ, జిల్లాకు దగ్గరలో. బలహీనంగా ఉన్నది ఈ లంకెే.

ఇప్పుడు చరిత్రను వెనక్కి చదవండి. ఫ్రాంక్‌ఫర్ట్, బోస్టన్, షికాగో, ఢిల్లీ, హైదరాబాద్. రోబో పిల్లలకు మేలు చేసిన ప్రతిచోటా అంతకుముందే దశాబ్దాలుగా గట్టి వైద్య బృందాలు ఉన్నాయి. బృందం లేనిచోట యంత్రం వచ్చి బృందాన్ని తయారుచేసిన ఉదాహరణ ఈ చరిత్రలో కనబడదు. కాబట్టి విధానంలో వరుస ముఖ్యం. ముందు జిల్లా స్థాయిలో పిల్లల శస్త్రచికిత్స, తర్వాత ప్రాంతీయ కేంద్రంలో పంచుకునే రోబో.

9. నైతికత, చట్టం (జీఎస్-2, జీఎస్-4)

ఆరోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం. 47వ అధికరణ ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం విధి అంటుంది. 39(ఎఫ్) పిల్లల ఆరోగ్యకరమైన ఎదుగుదల గురించి చెబుతుంది. 1996 నాటి పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు అత్యవసర వైద్యం అందించకపోవడం 21వ అధికరణ ఉల్లంఘన అంది.

పిల్లవాడు సమ్మతి ఇవ్వలేడు, తల్లిదండ్రులు ఇస్తారు. సరైన సమాచారం లేని సమ్మతి సమ్మతి కాదని 2008 సమీరా కోహ్లీ కేసు చెబుతోంది. అందుకే తల్లిదండ్రులకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. తెరిచి చేస్తే ఫలితం ఎలా ఉంటుంది? ఈ సర్జన్ పిల్లల్లో ఇలాంటివి ఎన్ని చేశారు? అదనపు ఖర్చు దేనికి? 'రోబో' అనే మాటకున్న మెరుపు ఈ ప్రశ్నలను కప్పేయకూడదు. కాస్త పెద్ద పిల్లలైతే వాళ్లకూ అర్థమయ్యేలా చెప్పి ఒప్పించడం మంచి పద్ధతి.

10. ప్రిలిమ్స్ కోసం ఒక చూపులో

- 1949: అండర్సన్–హైన్స్ పైలోప్లాస్టీ
- 1985: ప్యూమా 560, మెదడు బయాప్సీ
- 2000: డావిన్సీకి ఎఫ్‌డీఏ అనుమతి
- 2001: పిల్లల్లో తొలి రోబో నివేదిక (ఫ్రాంక్‌ఫర్ట్), లిండ్‌బర్గ్ ఆపరేషన్
- 2006: ఢిల్లీ ఎయిమ్స్‌లో రోబో
- 2013: రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం
- 2018: పీఎం-జేఏవై, రాంచీ
- 2023: నిమ్స్ రోబో, జాతీయ వైద్య పరికరాల విధానం

11. మెయిన్స్ సాధన ప్రశ్న

"ఆధునిక వైద్య సాంకేతికత అందుబాటు కన్నా ముందు నడుస్తోంది." పిల్లల శస్త్రచికిత్సలో రోబో వాడకం ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)

రాసేటప్పుడు రోబోను పొగిడి, చివర్లో "అయితే ఖర్చు ఎక్కువ" అని ఒక వాక్యం తగిలించకండి. అలాగని యంత్రం వద్దనీ రాయకండి. మూత్రాశయం బాగుచేయించుకున్న ఆ పదేళ్ల పాపకు అది నిజంగానే మేలు చేసింది. ఉపోద్ఘాతంలో 2000కు, 2023కు మధ్య ఉన్న 23 ఏళ్ల తేడా చెప్పండి. మధ్యలో పైలోప్లాస్టీని ఒక్క ఉదాహరణగా తీసుకుని లాభం ఎక్కడుందో, ఎక్కడ లేదో విడదీయండి. ముగింపులో బాల స్వాస్థ్య కార్యక్రమం, పీఎం-జేఏవైల మధ్య తెగిపోయిన లంకెను చూపించి, వరుసగా మూడు సూచనలు ఇవ్వండి. టైమర్ పెట్టుకుని పదకొండు నిమిషాల్లో రాసి, మీ జవాబును మీరే ఒకసారి దిద్దుకోండి.